కెరటం విరిగిన చోట గాలిలోకి ఏం లేస్తుంది: చెన్నై తీరంలో మీరే కొలిచి చూసే పద్ధతి

బెసంట్ నగర్‌లో సముద్రానికి ఎదురు వరుస ఇళ్ళలో కిటికీ ఊచలు కొన్నేళ్ళకే పొలుసులు లేస్తాయి. ఏసీ బయటి యూనిట్ రెక్కలు చేత్తో తాకితే పొడిగా రాలతాయి. ఉప్పుగాలి అని అందరూ తేల్చేస్తారు. ఆ ఉప్పు గాలిలోకి ఎలా ఎక్కిందని అడిగితే మాత్రం సముద్రపు నీరు ఆవిరై వచ్చిందని చెప్పేవాళ్ళే ఎక్కువ. అది తప్పు. ఆవిరి ఉప్పును మోయదు. మోసేదే అయితే చినగంజాం, నౌపడ మడుల్లో నీరు ఎండాక ఉప్పు మిగిలేదే కాదు, నీటితోపాటే ఎగిరిపోయేది.

మోసేది బుడగ. కెరటం విరిగినప్పుడు గాలి నీళ్ళలోకి కూరుకుపోతుంది, లక్షల బుడగలై మళ్ళీ పైకి తేలుతుంది, నీటిమట్టం దగ్గర పగులుతుంది. ఆ పగలడంలో రెండు పనులు జరుగుతాయి. ముందు బుడగ నెత్తిమీది పల్చటి పొర చిరిగి ముక్కలై, మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్న చుక్కలుగా చెదురుతుంది. వీటిని పొర చుక్కలు అందాం. తర్వాత బుడగ ఖాళీ చేసిన గుంటలోకి చుట్టూ ఉన్న నీరు ఒక్కసారిగా దూకి, మధ్యలో సన్నటి ధారగా పైకి చిమ్ముతుంది. ఆ ధార తెగి కొన్ని పెద్ద చుక్కలవుతుంది. ఇవి చిమ్ము చుక్కలు. ఒక్కోటి బుడగ వ్యాసంలో సుమారు పదోవంతు ఉంటుంది. అంటే ఒక మిల్లీమీటరు బుడగ నుంచి వంద మైక్రాన్ల చుక్క వస్తుంది. బుడగ మూడు నాలుగు మిల్లీమీటర్లు దాటితే చిమ్మడం దాదాపు ఆగిపోతుంది, పొర చుక్కలే మిగులుతాయి.

కింద చెప్పేవన్నీ ఒక అక్వేరియం పంపు, గాజు పలకలు, ఫోన్ కెమెరా, కాస్త డిస్టిల్డ్ వాటర్‌తో అయిపోయే పనులు. పిల్లలతో బడిలో చేయించవచ్చు. మొదటిది మాత్రం వదలకండి, మిగతావన్నీ దానిమీదే నిలబడ్డాయి.

నీళ్ళు తేవడం

పది లీటర్ల క్యాను చాలు. బెసంట్ నగర్, తిరువాన్మియూర్, నీలాంగరై ఎక్కడైనా పరవాలేదు. అడయారు నది కలిసే చోట, నేపియర్ వంతెన దిగువన కూవం కలిసే చోట, ఎన్నూరు వైపు మాత్రం వద్దు. అక్కడ నీటిలో ఉప్పు తగ్గి, మురుగు, సబ్బు కలిసి ఉంటాయి. ఆ రెండూ ప్రయోగాన్ని పాడుచేస్తాయి. వాన పడ్డాక మూడు రోజులు ఆగండి.

మోకాలి లోతు దాటి దిగవద్దు. ఒక్కరే వెళ్ళవద్దు. ఈ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు పైకి కనిపించవు. క్యానును అక్కడి నీళ్ళతోనే మూడుసార్లు కడిగి, రెండు కెరటాల మధ్య ఇసుక లేవని క్షణంలో నింపండి. ఇంటికి తెచ్చి రాత్రంతా కదపకుండా ఉంచి, పైనీటిని పాత పంచె గుడ్డ రెండు మడతల్లో వడపోయండి. కాచవద్దు. రెండు రోజుల్లో వాడేయండి. తర్వాత అందులోని సూక్ష్మజీవులు చచ్చి కుళ్ళి, నురుగు స్వభావమే మారిపోతుంది.

బహిరంగ సముద్రంలో కిలో నీటికి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. బంగాళాఖాతానికి గంగ, బ్రహ్మపుత్ర, మన గోదావరి, కృష్ణ అన్నీ మంచినీళ్ళు పోస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వెంట ప్రవాహం ఆ పల్చటి నీటిని దక్షిణానికి తోసుకొస్తుంది. అందుకని చెన్నైలో మే నెల నీళ్ళూ డిసెంబరు నీళ్ళూ ఒకటి కావు. సీసా మీద తేదీ రాయండి.

బెంగళూరులో ఉన్నవాళ్ళు లీటరు తాగే క్యాన్ నీళ్ళలో 35 గ్రాముల కల్లుప్పు కలుపుకుంటే మొదటి రెండు పనులకు సరిపోతుంది. ప్యాకెట్టు మెత్తటి ఉప్పు వద్దు. గడ్డకట్టకుండా కలిపే పొడి నీళ్ళను మసకగా చేస్తుంది, ఆ మసకను బుడగల మసక అనుకునే ప్రమాదం ఉంది.

ఉప్పు బుడగకు ఏం చేస్తుంది

మంచినీళ్ళలో బుడగలు ఒకదాన్నొకటి తాకితే కలిసిపోయి పెద్దవవుతాయి. ఉప్పునీళ్ళలో కలవవు. తాకి విడిపోతాయి. సముద్రపు నురుగు పాలలా తెల్లగా ఉండటానికీ, కుళాయి కింద బకెట్టులో బుడగలు గాజుగోళీల్లా ఉండటానికీ తేడా అదే. చిమ్ము చుక్కలు చిన్న బుడగల నుంచే వస్తాయి కనుక, ఈ ఒక్క గుణం లేకపోతే సముద్రం గాలిలోకి పంపే ఉప్పు బాగా తగ్గిపోయేది.

కొళత్తూరు అక్వేరియం దుకాణాల్లో చిన్న ఎయిర్ పంపు, రెండు మీటర్ల సిలికాన్ గొట్టం, గుండ్రటి ఎయిర్ స్టోన్ (గాలిని సన్న బుడగలుగా వదిలే రంధ్రాల రాయి), నాన్ రిటర్న్ వాల్వ్ కొనండి. చివరిది పది, ఇరవై రూపాయల వస్తువని వదిలేయకండి. పంపు నీటిమట్టం కంటే కింద ఉండి కరెంటు పోయిందంటే, నీరు గొట్టం వెంట వెనక్కి నడిచి పంపులోకి దిగుతుంది. ఉప్పునీరు కాబట్టి ఆ పంపు మళ్ళీ పనిచేయదు. వాల్వు ఉన్నా సరే, పంపును గట్టుమీదే పెట్టండి.

ముప్పై సెంటీమీటర్ల పొడవు, ఇరవై వెడల్పు, ఇరవై ఎత్తు ఉన్న గాజు తొట్టిలో 12 సెంటీమీటర్ల ఎత్తుకు తాగే క్యాన్ నీళ్ళు పోయండి, సముద్రపు నీళ్ళు కాదు. ఏడు లీటర్లకు కాస్త పైన పడతాయి. సన్నటి జాడీ వాడితే బుడగలు గోడలకు అతుక్కుని అక్కడే పగులుతాయి, చుక్కలు గాజుకు తగిలి పోతాయి. అందుకే వెడల్పు తొట్టి. వెనక నల్ల చార్టు అంటించండి, పక్కనుంచి ఫోన్ టార్చి వేయండి. ఎయిర్ స్టోన్‌ను పది నిమిషాలు నీళ్ళలో నానబెట్టాకే పంపు వేయాలి. పొడి రాయి మొదట్లో ఒకే మూల నుంచి పెద్ద బుడగలు వదులుతుంది.

మొదట ఉప్పు లేకుండా ఫోటో తీయండి, నీళ్ళలో ప్లాస్టిక్ స్కేలు నిలబెట్టి. తర్వాత లీటరుకు 2 గ్రాముల చొప్పున, అంటే ఒక్కోసారి సుమారు 14 గ్రాములు వేస్తూ, కరిగాక రెండు నిమిషాలు ఆగి ఫోటో తీస్తూ పొండి. నాలుగు గ్రాముల దాకా పెద్దగా ఏమీ జరగదు. లీటరుకు ఐదారు గ్రాముల దగ్గర నీరు మసకబారడం మొదలవుతుంది. పదికల్లా తొట్టి అంతా సన్న బుడగలే. అక్కడినుంచి 35 దాకా వేసినా కొత్తగా పెద్ద మార్పు రాదు. నెమ్మదిగా పెరగకుండా ఒక గీత దాటగానే మారిపోవడమే ఇందులో గమనించాల్సింది. డిసెంబరులో మన తీరపు నీరు ఎంత పల్చబడ్డా ఆ గీతకు చాలా పైనే ఉంటుంది.

మార్పు రాకపోతే ముందు రాయిని అనుమానించండి. ముతక రాయి ఎంత ఉప్పు వేసినా మూడు మిల్లీమీటర్ల బుడగలే వదులుతుంది. తర్వాత తొట్టిని. గిన్నెలు తోమిన స్పాంజితో కడిగి ఉంటే మిగిలిన సబ్బు చాలు, ఉప్పు లేకుండానే బుడగలు కలవడం మానేస్తాయి.

చుక్కను పట్టుకోవడం

ఇప్పుడు తొట్టిలో సముద్రపు నీరు పోయండి. సూక్ష్మదర్శిని గాజు పలకలు ఐదు తీసుకుని డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, అంచులు పట్టుకుని ఆరబెట్టండి. వేలు మధ్యలో తాకితే ఆ పలక పక్కన పడేయండి. చెమటలో ఉప్పుంది. ఈ వ్యాసంలో చెప్పిన కొలతలన్నిటిలోకీ ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే: సముద్రపు ఉప్పు అనుకుని తమ వేళ్ళ ఉప్పును కొలుస్తారు.

పలకలను నీటిమట్టానికి 3, 8, 15, 30 సెంటీమీటర్ల ఎత్తున బోర్లా అమర్చండి. రెండు పుస్తకాల దొంతరల మధ్య స్కేలు వేసి దానికి పలకను క్లిప్పుతో బిగిస్తే సరి. ఐదోది అదే గదిలో, తొట్టికి దూరంగా, మూత లేకుండా. ఫ్యాను ఆపండి. పంపు పది నిమిషాలు.

మూడు సెంటీమీటర్ల పలక తడిసి ముద్దవుతుంది, అది ఎక్కువ చెప్పదు. ఎనిమిది మీద చుక్కలు విడివిడిగా లెక్కపెట్టేలా ఉంటాయి. పదిహేను మీద కొన్నే. ముప్పై మీద కంటికి దాదాపు ఏమీ కనిపించదు. ఒకటి రెండు మిల్లీమీటర్ల బుడగ తన మొదటి చుక్కను పది, పదిహేను సెంటీమీటర్లు ఎగరేయగలదు. అంతకు పైన చుక్కను గాలే ఎత్తుకోవాలి. గది తలుపులు మూసి, దీపాలు ఆర్పి, టార్చిని అడ్డంగా వేస్తే ఈ చిమ్ముడు కళ్ళారా కనిపిస్తుంది. మెరుపుల్లా ఎగిరిపడేవి చిమ్ము చుక్కలు. వాటి వెనక వెలుగు దారిలో కదలకుండా నిలబడే పల్చటి పొగలాంటిది చూశారా, అందులో పొర చుక్కలున్నాయి. ఇంట్లోని దుమ్ము కూడా ఉంది. పంపు ఆపి ముందూ తర్వాతా పోల్చి చూస్తేనే ఏది ఎంతో తెలుస్తుంది.

పలకలను ఆరబెట్టడం చెన్నైలో చిన్న విషయం కాదు. శుద్ధమైన సోడియం క్లోరైడ్ గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తానే నీరు పీల్చి కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంది. అది 33 శాతం తేమకే కరుగుతుంది, అంత పొడి గాలి ఈ ఊళ్ళో ఏ కాలంలోనూ అరుదు. కనుక పలకను గాలికి వదిలేస్తే సాయంత్రానికి కూడా తడిగానే ఉంటుంది. తేమను పీల్చే నీలం సిలికా జెల్ వేసిన డబ్బాలో మూతపెట్టి రెండు గంటలుంచండి, లేదా టేబుల్ ల్యాంపు కింద పావుగంట. బెంగళూరులో వేసవి మధ్యాహ్నం అయితే బల్లమీద పెట్టినా చాలు, ఈ ఒక్క విషయంలో వాళ్ళు అదృష్టవంతులు.

ఎండాక 140 రెట్లు పెద్దదిగా చూపే ఫోల్డ్‌స్కోపు కాగితపు సూక్ష్మదర్శిని కింద చూడండి. వంద మైక్రాన్ల చుక్క ఎండితే సుమారు పాతిక మైక్రాన్ల గింజ మిగులుతుంది, వ్యాసంలో నాలుగో వంతు. పలక మీద చక్కటి చదరపు ఘనాలు కనిపిస్తే అది ఉప్పే. ఘనం చుట్టూ సన్నటి తడి వలయం కనిపిస్తే ఇంకా సంతోషించండి, అది మెగ్నీషియం ఉప్పు. కల్లుప్పుతో చేసిన నీళ్ళలో ఆ వలయం సన్నగా ఉంటుంది. ఆకారం లేని ముద్దలు దుమ్ము. ఐదో పలక మీద కూడా ఘనాలుంటే మీ గది గాలిలో ముందే ఉప్పుంది, తీరం పక్క ఇళ్ళలో అది మామూలే.

ఇది పిల్లల ఆట కాదు. సముద్ర శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ వుడ్‌కాక్ 1953లో ప్రచురించిన సముద్రపు గాలిలోని ఉప్పు కణాల లెక్కలు ఇలాగే, విమానంలోంచి చిన్న గాజు పలకలను గాలికి పట్టి తీసినవి. నాలుగేళ్ళకు ఆయన, డంకన్ బ్లాంచర్డ్ కలిసి ఆ కణాలను సముద్రపు బుడగలతో ముడిపెట్టారు. పలక ఎంత సన్నగా ఉంటే చిన్న కణాలు అంత బాగా దొరుకుతాయి. వెడల్పు పలక ముందు గాలి పక్కకు తిరిగిపోతూ తేలిక కణాలను తనతో తీసుకుపోతుంది. మనం గదిలో, నిలకడ గాలిలో పట్టేవి పెద్దవే. మైక్రాన్ లోపువి ఈ పలకకు చిక్కవు.

గింజ మళ్ళీ చుక్క కావడం

మేఘం పుట్టుక ఇక్కడ మొదలవుతుంది. శుద్ధమైన నీటి ఆవిరి తనంతట తాను చుక్క కట్టాలంటే గాలిలో తేమ వంద శాతాన్ని ఎన్నో రెట్లు దాటాలి, నిజమైన ఆకాశంలో అలా జరగదు. ఉప్పు గింజ ఉంటే వంద దాటి ఒక శాతం లోపు మిగులు తేమకే చుక్క పెరిగిపోతుంది.

ఎండిన పలకను గాజు సీసాలో, అడుగున తడి గుడ్డ వేసి మూతపెట్టండి. పది నిమిషాలకోసారి బయటినుంచి చూడండి. ఘనాల మూలలు ముందు గుండ్రబడతాయి, తర్వాత గింజ మొత్తం చుక్కలో మునిగిపోతుంది. మళ్ళీ సిలికా జెల్ డబ్బాలో పెడితే గింజ తిరిగొస్తుంది, కానీ 75 దగ్గర కాదు. చుక్క మొండిగా 45 శాతం దాకా ద్రవంగానే ఉంటుంది. తడవడానికి ఒక గీత, ఆరడానికి మరో గీత. తీరప్రాంతపు గాలి పగలు కూడా మసగ్గా ఉండటంలో ఈ మొండితనానికి వాటా ఉంది.

ఇంట్లో వాడే చిన్న తేమ మీటరును నమ్మే ముందు సరిచూడండి. మూత సీసాలో రెండు చెంచాల ఉప్పును కొద్ది నీటితో ముద్దగా తడిపి, దానికి తగలకుండా మీటరు పెట్టి, ఎనిమిది గంటలుంచండి. 75 చూపాలి. 70 చూపితే ఐదు కలుపుకోవడమే. ఉప్పంతా కరిగి నీరైపోతే లెక్క చెడుతుంది, కరగని గింజలు మిగిలే ఉండాలి.

తీరాన తెల్ల నురుగు లెక్క

గాలి సెకనుకు నాలుగు మీటర్లు దాటితే సముద్రం మీద అక్కడక్కడా కెరటాల నెత్తిన నురుగు, అంటే తెల్ల తలలు మొదలవుతాయి. గాలి బలాన్ని అంకెల్లో చెప్పే బోఫోర్ట్ స్కేలులో అది మూడో అంకె. ఆరు, ఏడు మీటర్లకు నాలుగో అంకె, తలలు తరచుగా కనిపిస్తాయి. తొమ్మిది, పదికి ఎటు చూసినా అవే. 1980లో సముద్ర శాస్త్రవేత్త ఎడ్వర్డ్ మొనహన్, సహచరుడు ఇచ్చిన సూత్రం ప్రకారం గాలి సెకనుకు 10 మీటర్లుంటే సముద్రంలో నూటికి ఒక వంతు నురుగు, 5 మీటర్లుంటే వెయ్యికి ఒక వంతు, 15 ఉంటే నూటికి నాలుగు వంతులు. గాలి రెట్టింపైతే నురుగు పదింతలు దాటుతుందన్నమాట. ఉప్పుగాలి రోజూ ఒకేలా ఉండకపోవడానికి కారణం వెతకనక్కర్లేదు.

దీన్ని ఫోన్‌తో సరిచూడవచ్చు. మన సముద్రం తూర్పున ఉంది కాబట్టి ఉదయం పనికిరాదు, సూర్యుడి మెరుపు నురుగులా కనిపిస్తుంది. మధ్యాహ్నం రెండు తర్వాత వెనకనుంచి వెలుగు వస్తుంది, సముద్రపు గాలీ అప్పటికి తిరుగుతుంది. ఎంత ఎత్తునుంచి తీస్తే అంత మంచిది. మెరీనా లైట్‌హౌస్ సందర్శకుల అంతస్తు బాగుంటుంది, లేకపోతే తీరం పక్క ఎత్తైన డాబా. జూమ్ లేకుండా, నిమిషానికి ఒకటి చొప్పున ముప్పై ఫోటోలు. ఒక్క ఫోటోతో లెక్క కట్టడం వృథా, ఎదురుగా ఒక్క కెరటం విరిగిందంటే సంఖ్య ఐదింతలవుతుంది.

ప్రతి ఫోటోలో రెండు భాగాలు కత్తిరించేయండి: పైన క్షితిజరేఖ దగ్గర పలుచటి పట్టీ, కింద తీరాన విరిగే కెరటాల పట్టీ. రెండోది ముఖ్యం. ఒడ్డున కెరటం విరిగేది లోతు తగ్గడం వల్ల, ఎక్కడో దూరాన లేచిన అల వచ్చి కూడా విరుగుతుంది. దానికి ఇక్కడి గాలితో లెక్కలేదు. మిగిలిన నీటిమీద ఇరవై అడ్డం, ఇరవై నిలువు గడులు గీసి, సగానికి పైగా తెల్లగా ఉన్న గడులు లెక్కపెట్టండి. 400 గడుల్లో నాలుగుంటే ఒక శాతం. అప్పుడే విరిగి మెరిసే నురుగును, చారలు చారలుగా పాతబడ్డ నురుగును వేరు రంగులతో గుర్తించండి. కలిపి లెక్కిస్తే సూత్రం కంటే చాలా ఎక్కువొస్తుంది.

గాలి వేగం కోసం నుంగంబాక్కం వాతావరణ కేంద్రం లెక్క చూడవద్దు. అది భవనాల మధ్యది, సముద్రం మీద గాలి అంతకంటే ఎక్కువ. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రోజూ ఇచ్చే సముద్ర స్థితి అంచనాలో తీరపు గాలి దొరుకుతుంది. సూత్రానికి కావలసింది నీటికి పది మీటర్ల ఎత్తున వీచే గాలి. ఒడ్డున చేతిలో పట్టుకున్న గాలిమీటరు తక్కువ చూపుతుంది.

ఉప్పు ఎంతదూరం వస్తుంది

ఇది కాగితం మీద లెక్కకట్టి, తర్వాత గుడ్డతో కొలవాలి. వంద మైక్రాన్ల చుక్క సెకనుకు సుమారు 25 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. పది మీటర్ల ఎత్తుకు ఎక్కినా నలభై సెకన్లలో నేల తాకుతుంది, సెకనుకు ఐదు మీటర్ల గాలిలో ఆలోపు 200 మీటర్లే పోగలదు. పది మైక్రాన్లది సెకనుకు మూడు మిల్లీమీటర్లు మాత్రమే జారుతుంది, అదే ఎత్తునుంచి దిగడానికి దాదాపు గంట, ఆలోపు పదహారు కిలోమీటర్లు. గిండి దాటి మీనంబాక్కం దాటి పోయిందన్నమాట. మైక్రాన్ చుక్కకు నాలుగు రోజులు పడుతుంది, అంతకుముందే ఏదో ఒక వాన దాన్ని కడిగేస్తుంది, లేదా అదే వానకు బీజమవుతుంది. చుక్కలు దారిలో ఆరి చిన్నవవుతాయి కాబట్టి నిజమైన దూరాలు ఇంకా ఎక్కువే. మొదటి వరుస ఇంటికీ నాలుగో వీధికీ తుప్పులో ఉన్న తేడా ఆ మొదటి లెక్కలో ఉంది.

కొలవడానికి పది సెంటీమీటర్ల చదరపు చట్రానికి మెడికల్ షాపు గాజుగుడ్డ రెండు పొరలు బిగించండి. ముందు ఆ గుడ్డను డిస్టిల్డ్ వాటర్‌లో మూడుసార్లు నానబెట్టి పిండాలి, పట్టకారుతోనే. ఇలాంటివే నాలుగు: ఒకటి తీరం పక్క బాల్కనీ, ఒకటి మూడు నాలుగు వందల మీటర్ల లోపల, ఒకటి అడయారులో, ఒకటి జిప్ కవరులో మూసి బీరువాలో. బయటివి సముద్రం వైపు తిరిగి, వాన తగలకుండా చూరు కింద, నేలకు రెండు మీటర్లు దాటి ఉండాలి. కోలం గీసే ముంగిట, బండ్లు తిరిగే రోడ్డు పక్క వద్దు. మూడు రోజుల తర్వాత ఒక్కో గుడ్డను 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో అరగంట నానబెట్టి, పిండి, టీడీఎస్ మీటరు (నీటిలో కరిగినవాటిని లీటరుకు మిల్లీగ్రాముల్లో చూపేది) ముంచండి.

ఉదాహరణకు బాల్కనీ గుడ్డ 40, బీరువా గుడ్డ 4 చూపాయనుకోండి. తేడా లీటరుకు 36 మిల్లీగ్రాములు, మన 100 మిల్లీలీటర్లలో 3.6. మూడు రోజులకు పంచితే రోజుకు 1.2. గుడ్డకు రెండు పక్కలూ కలిపి 0.02 చదరపు మీటర్లు కనుక చదరపు మీటరుకు రోజుకు 60 మిల్లీగ్రాముల ఉప్పు. సముద్రపు ఉప్పులో 55 శాతం క్లోరైడ్, అంటే 33. తుప్పు ప్రమాణం ఐఎస్ఓ 9223లో 3 దాటి 60 లోపు ఒక తరగతి, 60 నుంచి 300 తర్వాతిది, 300 దాటితే ఆపైది. ఆ తరగతులు గ్లిసరిన్ నీటిలో తడిపిన వత్తితో కొలిచే పద్ధతివి. పొడి గుడ్డకు ఉప్పు తక్కువ అంటుకుంటుంది, అదే చోట వత్తి రెండింతలకు పైగా చూపుతుంది. కాబట్టి మీ అంకెను చూసి ఊపిరి పీల్చుకోవద్దు.

టీడీఎస్ మీటరుకు ఉప్పూ సిమెంటు దుమ్మూ ఒకటే. అనుమానం తీరాలంటే బడి ల్యాబులో సిల్వర్ నైట్రేట్ చుక్క వేయండి, తెల్లగా మబ్బు పడితే క్లోరైడ్. అంకె కావాలంటే 0.0141 నార్మల్ సిల్వర్ నైట్రేట్ ద్రావణంతో టైట్రేషన్, ఒక మిల్లీలీటరుకు అర మిల్లీగ్రాము క్లోరైడ్. సూచికగా వాడే పొటాషియం క్రోమేట్ విషం. ఉపాధ్యాయులు దగ్గర లేకుండా, చేతి తొడుగులు లేకుండా ముట్టవద్దు.

బుడగ కిందికి మోసేది

ఇంతవరకూ పైకి వెళ్ళేదే చూశాం. బుడగ గాలిని నీళ్ళలోకి కూడా నెడుతుంది. పది మీటర్ల లోతుకు పోయిన బుడగ మీద ఒత్తిడి రెండింతలు, మీటరు లోతుకే పదోవంతు ఎక్కువ. ఆ ఒత్తిడికి నీరు నిండుగా ఉన్నా ఇంకాస్త ఆక్సిజన్, నైట్రోజన్ కరుగుతాయి. సన్నటి బుడగలు పైకి రానే రావు, పూర్తిగా కరిగిపోతాయి.

అక్వేరియం ఆక్సిజన్ కిట్టుతో చూడవచ్చు. మూడు లీటర్ల సముద్రపు నీటిని ఐదు నిమిషాలు మరగనిచ్చి, సీసాల్లో అంచుదాకా నింపి మూతపెట్టి, నీళ్ళ తొట్టిలో చల్లార్చండి. అడుగున తెల్లటి పొడి పడితే కంగారు వద్దు, అది కాల్షియం కార్బోనేట్. ఒకేలాంటి రెండు జాడీల్లోకి గొట్టం అడుగుదాకా దించి నెమ్మదిగా వదలండి. గడగడా పోశారంటే ఆ పోయడంలోనే బుడగలు కలిసి ప్రయోగం ముగిసిపోతుంది. ఒకదాన్ని కదపకుండా వదిలి, రెండోదానిలో ఎయిర్ స్టోన్ పావుగంట నడపండి. 28 డిగ్రీల సముద్రపు నీరు లీటరుకు సుమారు 6.4 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌తో నిండుతుంది. బుడగల జాడీ దాదాపు అక్కడికి చేరుతుంది, కదపనిది మొదలైన చోటే ఉంటుంది. బుడగ నీటిని కలియబెట్టడం కూడా ఇందులో ఉంది, సముద్రంలోనూ ఆ రెండూ విడిగా జరగవు.

కార్బన్ డయాక్సైడ్ విషయంలో తొందరపడి ఇదే మాట చెప్పకండి. అది నీటిలో సులువుగా కరిగేది, నీటిమట్టం గుండానే ఎక్కువగా దాటుతుంది, బుడగ వాటా ఆక్సిజన్‌కు ఉన్నంత ఉండదు. పైగా నీటిలో కార్బోనేటుగా మారిపోతుంది కనుక సముద్రపు పైపొర ఆక్సిజన్‌తో వారాల్లో సర్దుకుంటే, దీనితో సర్దుకోవడానికి ఏడాది దాకా పడుతుంది. మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు నాలుగో వంతును సముద్రాలు ఈ తీరునే తీసుకుంటున్నాయి.

నురుగు కాని నురుగు

2019 డిసెంబరు మొదట్లో మెరీనా మీద రోజుల తరబడి పేరుకున్న తెల్ల నురుగులో పిల్లలు ఆడుకున్న ఫోటోలు చూసే ఉంటారు. పెద్ద వానకు నదుల మురుగు, సబ్బు నీరు సముద్రంలో కలిసి, కెరటాలు దాన్ని చిలికితే అలా అవుతుంది. బెంగళూరు బెళ్ళందూరు చెరువు అలుగు దగ్గర లేచేదీ అలాంటిదే. ఉప్పునీటి బుడగ క్షణాల్లో పగులుతుంది, ఈ నురుగు గంటలు నిలుస్తుంది. తొట్టిలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి చూడండి. నురుగు దుప్పటిలా కప్పేసి, ఎనిమిది సెంటీమీటర్ల పలక మీద చుక్కలు తగ్గుతాయి. పగిలేవి నురుగులోపలే పగిలి, అక్కడే చిక్కుకుంటాయి.

తగ్గాయి కదా అని దగ్గరకు పోవద్దు. బుడగ పైకి తేలుతూ దారిలోని సూక్ష్మజీవులను ఒంటికి అంటించుకుని వస్తుంది. చిమ్ము చుక్కలో అవి చుట్టూ ఉన్న నీటిలో కంటే ఎన్నో రెట్లు చిక్కగా ఉంటాయని బ్లాంచర్డ్, సిజ్డెక్ 1970లోనే చూపారు. అలాంటి నీటిని ఇంటికి తెచ్చి పంపు పెట్టవద్దు, మంచి నీటితో చేసేటప్పుడు కూడా తొట్టి మీద ముఖం వంచకండి.

పని ముగిశాక ఎయిర్ స్టోన్‌ను మంచినీళ్ళలో పంపు నడుపుతూ అరగంట కడగాలి. ఉప్పు దాని రంధ్రాల్లోనే ఎండితే మళ్ళీ సన్న బుడగ రాదు. తొట్టి నీళ్ళను తులసికోట వైపు గానీ కుండీల్లోకి గానీ పారబోయకుండా బాత్రూం తూములో పోసి, వెనక రెండు బకెట్ల మంచినీళ్ళు కొట్టండి.